స్టెప్నీ కింద లడ్డూలు

మా ఆయన దేవుడికి భయపడరు, డాక్టరుకి అసలే భయపడరు, నాకు భయపడుతున్నట్టు నటిస్తారు. ఆయన నిజంగా భయపడేది ఒక్కదానికే, ఇచ్చిన మాటకి. వస్తానని చెప్పారంటే వానైనా వరదైనా వెళ్ళి తీరతారు. అందుకే ఎవరికీ తేలిగ్గా మాట ఇవ్వరు. "చూద్దాంలే" అనేది ఆయన ఊతపదం. లడ్డూలు మానేస్తానని నాకు మాటివ్వండి అని బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. అన్నిటికీ చూద్దాంలే అన్నారు. మధ్యాహ్నానికి ఆకలేసి నేనే అన్నం తినేశాను.

ఆయనకి షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. బందరులో పుట్టి, బందరులోనే ఉద్యోగం చేసి, బందరులోనే రిటైరైన మనిషికి తొక్కుడు లడ్డూ మీద ఆశ ఉండటం తప్పని నేననను. శనగపిండిని బెల్లప్పాకంతో, నెయ్యితో దంచి దంచి చేసిన ఆ లడ్డూ నమలక్కర్లేకుండానే కరిగిపోతుంది. నాకూ ఇష్టమే, కాకపోతే నాకు షుగరు లేదు. అందులో ఉండేది పంచదార కాదు, బెల్లం, బెల్లం మందుతో సమానం అని ఆయన వాదన. పోయిన వానాకాలంలో ఎడమకాలి బొటనవేలికి చెప్పు కరిచింది. చిన్న పుండు. అది మానేలోపు దసరా వెళ్ళిపోయింది, దీపావళి వెళ్ళిపోయింది. రోజూ కట్టు విప్పేటప్పుడు ఊపిరి బిగబట్టుకుని చూసేదాన్ని. చివరికి మానింది గానీ, డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, ఈసారికి వేలు దక్కిందమ్మా, మళ్ళీ ఇలాగే అయితే కాలు సంగతి నేను చెప్పలేను అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే ఈయన నవ్వి, అలా వీధిలోకి వెళ్ళొచ్చారు. తిరిగొచ్చేసరికి మీసం మీద లడ్డూ పొడి.

ఆ రోజు నాకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ ఏడ్చాను. ఏడుస్తుంటేనే మా వదినగారు గుర్తొచ్చారు, ఏడుపు ఆగిపోయింది.

వదినగారంటే మా ఆయన అక్క. గుడివాడలో ఉంటారు. ఒకప్పుడు యాత్రల బస్సులో కాశీ వెళ్ళొచ్చారు. కాశీ వెళ్ళినవాళ్ళు తమకి ఇష్టమైన కాయో పండో గంగలో వదిలిపెట్టి, ఇక జన్మలో దాన్ని ముట్టకూడదు కదా. తెలివైనవాళ్ళు ఎప్పుడూ తినని పండు పేరేదో చెప్పి గట్టెక్కుతారు. మా వదినగారు మాత్రం పక్కావిడ మామిడిపండు వదిలిందని పౌరుషానికి పోయి వంకాయ వదిలేశారు. కృష్ణాజిల్లాలో కాపురం పెట్టుకుని వంకాయ వదలడమేమిటమ్మా! అప్పట్నుంచీ పెళ్ళిళ్ళలో గుత్తివంకాయ వస్తుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి మొహం పక్కకి తిప్పేసుకుంటారు. వాసన మాత్రం గట్టిగా పీలుస్తారు. అంతే తప్ప ఒక్క ముక్క నోట్లో వేసుకుని ఎరగరు. అక్కాతమ్ముళ్ళది ఒకటే రక్తం. ఈయన చేత గంగలో లడ్డూ వదిలించగలిగితే ఇక డాక్టరు అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు, గంగే చూసుకుంటుంది.

కాశీ వెళ్దామంటే ఈయన వస్తారా? గుళ్ళంటే ఈయనకి మోకాళ్ళ నొప్పులు. అందుకని కాశీ మాట వెనక్కి నెట్టి, కారు మాట ముందు పెట్టాను. మన కార్లో మనమే దేశం చూసుకుంటూ వెళ్దామండీ, నాగపూరు మీదుగా, నర్మద దాటి, ఎక్కడ టీ బాగుంటే అక్కడ ఆగుతూ అన్నాను. కళ్ళు మెరిశాయి. చిన్నప్పట్నుంచీ ఆయన కల అది. అట్లాసు తీసి ఆ సాయంత్రమే దారి గీసేశారు. ఆ దారి చివర కాశీ ఉందని తెలియనట్టే గీశారు.

కారు నడిపేది నేను. షుగరు వల్ల ఆయనకి చూపు మసకేసింది, అందుకని యాభై దాటాక నేర్చుకున్నాను. నేర్చుకున్నది బందరు పెడన రోడ్డు మీద. మాది పెడన, కలంకారీ అద్దకం పని చేసే ఇల్లు. ఆ రోడ్డు మీద కోతల కాలంలో సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగంలో గేదెలు, మనుషులు, ఆటోలు. అక్కడ హారన్ మీంచి చెయ్యి తీస్తే ప్రాణానికి హామీ లేదు. అలా నేర్చుకున్నదాన్ని, హైదరాబాదు దాటాక నాలుగు వరసల రోడ్డు ఖాళీగా కనిపించేసరికి నాకు గుబులు పుట్టింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొడుతూనే ఉన్నాను. ఎవరి కోసమే అని ఆయన అడిగారు. వచ్చేవాళ్ళ కోసం అన్నాను.

కానీ అంతకు ముందే, ఇంకా జిల్లా కూడా దాటకుండానే నా పథకానికి మొదటి దెబ్బ తగిలింది. గుడివాడలో వదినగారిని ఎక్కించుకున్నాం. ఆవిడతోపాటు జంతికల డబ్బా, సున్నుండల డబ్బా, బియ్యం మూట, కుక్కరు ఎక్కాయి. ఉత్తరాదిన బియ్యం దొరకవని ఆవిడ నమ్మకం. పామర్రు దాటి ఉయ్యూరు వచ్చేదాకా ఈయన బుద్ధిగా కూర్చున్నారు. ఉయ్యూరులో టీ తాగుతూ, ఏదో వాతావరణం గురించి చెప్తున్నట్టు, కాశీలో కాకరకాయ వదిలేద్దామనుకుంటున్నాను అన్నారు.

నా చేతిలో గ్లాసు ఒలికింది. షుగరు కోసం రోజు విడిచి రోజు నేను ఆయన చేత తినిపించేది కాకరకాయే. ముక్క నోట్లో పెట్టుకుని నీళ్ళతో మింగుతారు. తోడుగా నేనూ తింటాను, లేకపోతే అసలు తినరు. తినగా తినగా నాకది నిజంగానే ఇష్టమైపోయింది, ఆయనకి మాత్రం కాలేదు.

"ఇష్టమైంది వదలాల్రా తమ్ముడూ," అన్నారు వదినగారు.

"నాకు కాకరకాయంటే ప్రాణం అక్కా," అన్నారు ఈయన, మొహంలో ఎక్కడా నవ్వు లేకుండా.

అంటే నా ఎత్తు బందరులోనే కనిపెట్టేశారన్నమాట. లడ్డూ వదిలించడానికి నేను తీసుకెళ్తుంటే, కాకరకాయ వదిలించుకోవడానికి ఆయన వస్తున్నారు. ఒళ్ళు మండిపోయింది.

"గంగలో కాకరకాయ వదిలారంటే, నేను మిమ్మల్ని అక్కడే వదిలేసి వస్తాను," అన్నాను.

"చూద్దాంలే," అన్నారు.

ఆదిలాబాదు అడవుల్లో చీమలు కనబడ్డాయి. మొదట గేరు దగ్గర ఒకటి. తర్వాత సీటు బెల్టు మీద వరసగా. మన బందరు ఎర్రచీమలే. నాకు అనుమానం సున్నుండల మీదికి పోయింది. డబ్బా మూత సరిగ్గా పెట్టలేదేమో వదినా అన్నాను, మెల్లగానే. ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. నా డబ్బా మూత ఏనుగు తొక్కినా ఊడదు అని చెప్పి, డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుని, నాగపూరు దాకా దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నారు. చీమలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఈయన కిటికీలోంచి టేకుచెట్లు చూస్తూ, పాపం అవి కూడా కాశీకి వస్తున్నాయేమోలే, పుణ్యం అన్నారు. ఆ పుణ్యం మాట వినగానే నేను అర్థం చేసుకోవలసింది. ఎదురుగా లారీ వచ్చింది, హారన్ కొట్టడంలో పడిపోయాను.

రాత్రి ఎక్కడ ఆగినా ముందు ఆయన కాళ్ళు చూసేదాన్ని. లాడ్జి గదిలో మంచం మీద కూర్చోబెట్టి, వేళ్ళ మధ్య, మడమల కింద, ఫోను లైటు వేసి వెతికేదాన్ని. కితకితలు పెట్టకే అనేవారు. ఆయనకి నిజానికి అక్కడ స్పర్శ సరిగ్గా లేదు. నాకు తెలుసని ఆయనకి తెలుసు, అయినా ఆ మాటే అనేవారు. నాగపూరులో మడమ దగ్గర ఎర్రటి మచ్చ కనిపిస్తే లైటు ఇంకా దగ్గరికి పెట్టాను. తీరా చూస్తే చీమ కుట్టిన మచ్చ.

నాగపూరు దాటి సివనీ వైపు వెళ్తుండగా, అడవి మధ్యలో వెనక టైరు పోయింది. బండి పక్కకి తీశాను. నేను దిగేలోపే ఈయన దిగి, డిక్కీ ముందు అడ్డంగా నిలబడ్డారు. ఎండగా ఉంది, నువ్వు లోపల కూర్చో, ఎవర్నైనా పిలుద్దాం అన్నారు. జీవితంలో నన్ను ఎండలోంచి లోపలికి పొమ్మనని మనిషి! వదినగారు కూడా తల బయటికి పెట్టి, వీడికేమైందే అన్నారు.

అంతలో వెనకనించి మన రిజిస్ట్రేషను లారీ ఒకటి వచ్చి ఆగింది. కైకలూరు నుంచి ఐసులో చేపలేసుకుని పైకి వెళ్తోందట. డ్రైవరు మా కారు నంబరు చూసి ఆపాడు. మాది గుడివాడేనండి అంటూ దిగి, మేము అడగకుండానే చొక్కా చేతులు మడిచాడు. ఈయన్ని భుజం పట్టి మర్యాదగా పక్కకి జరిపి డిక్కీ తెరిచి, సామాన్లు దించి, అడుగున అట్ట ఎత్తాడు.

స్టెప్నీ మధ్య గుంటలో, కిందికంటా దోపిన ఒక స్టీలు డబ్బా. డబ్బా చుట్టూ ఎర్రగా, కదులుతున్న పట్టు అంచులాగా చీమలు.

డ్రైవరు డబ్బా తీసి, చీమలు దులిపి, మూత తీశాడు. అందులో తొక్కుడు లడ్డూలు. సగం డబ్బా ఖాళీ. బందరు నుంచి ఇక్కడికి వచ్చేలోపు, నేను బాత్రూముకి వెళ్ళినప్పుడల్లా, టోల్‌గేటు దగ్గర నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళినప్పుడల్లా ఈయన డిక్కీ సర్దుతానంటూ వెనక్కి వెళ్ళడం అప్పుడు గుర్తొచ్చింది. సామాను మీద ఇంత శ్రద్ధ ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయాను కూడాను. నా మొహం మండ.

వదినగారు కారు దిగి, డబ్బా చూసి, తమ్ముణ్ణి చూసి, నా సున్నుండల్ని అన్నావు కదే అని నా మీదే లేచారు. నేను ఈయన వైపు తిరిగాను. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవీ:

"రోజూ మీ కాళ్ళు పట్టుకుని వెతుకుతున్నానే, ఎందుకనుకున్నారు? నాకేం పని లేకా? ఆ కాలు పోతే, మీరు పోతే, నేనేమైపోవాలి? ఇప్పుడే చెప్పండి. మీకు లడ్డూ కావాలా, నేను కావాలా?"

ఆయన కాసేపు ఆలోచించారు. అదీ, ఆలోచించారు!

"రెండూ ఉండకూడదా?" అన్నారు.

చేపల లారీ డ్రైవరు మా వైపు చూడకుండా టైరు దగ్గర కూర్చుని, బిగించిన నట్టునే మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాడు. అతను పని ముగించి లేవగానే డబ్బా అతని చేతిలో పెట్టాను. అతను ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంటికెళ్ళి చాలా రోజులైందండి అన్నాడు. ఇంకొకటి తీసుకుని, డబ్బా ఈయన వైపు చాపి, మీరూ తీసుకోండి మావయ్యగారూ అన్నాడు పాపం. ఈయన చెయ్యి కొంచెం లేచింది. నన్ను చూసి ఆ చేత్తోనే తల గోక్కున్నారు. లారీ కనుమరుగయ్యేదాకా ఆయన చూసిన చూపు, ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు కూడా ఏ తండ్రీ చూసి ఉండడు.

జబల్పూరు దాకా ఎవరం మాట్లాడలేదు. నేను హారన్ కూడా కొట్టలేదు. నర్మద వంతెన మీద నీళ్ళు చూస్తే, అద్దకం గుడ్డలు జాడించడానికి ఎంత బాగుంటాయో ఈ నీళ్ళు అనిపించింది. పెడనవాళ్ళం, నది చూస్తే ముందు అదే అనిపిస్తుంది. మామూలుగా అయితే ఆయనకి చెప్పేదాన్ని. చెప్పలేదు. రీవా దగ్గర ఆయనే, నీళ్ళు బాగున్నాయి కదే నర్మదవి, గుడ్డలు ఉతకడానికి అన్నారు. నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఆయన వైపు చూస్తే ఏడుస్తానని తెలుసు.

కాశీ చేరాం. మాకు దొరికిన పురోహితుడుగారిది తెలుగు కుటుంబమే, తాతల నాడే వచ్చి అక్కడ స్థిరపడ్డారు. పొద్దున్నే ఘాట్‌కి తీసుకెళ్ళారు. మెట్లు పాచిపట్టి జారుతున్నాయి. ఆయన కాలు ఎక్కడ పెడుతున్నారో చూసుకుంటూ చెయ్యి పట్టుకుని దించాను. కోపం కోపమే, కాలు కాలే. కొంగు ముడేసి ఇద్దర్నీ సరిగంగ స్నానం చేయించారు. చలికి ఆయన పళ్ళు టకటకమంటున్నాయి.

ముందు వదినగారు పంతులుగారిని ఒక సందేహం అడిగారు. ఎప్పుడో వంకాయ వదిలాను బాబూ, అది వెనక్కి తీసుకుని దొండకాయ వదలొచ్చా అని. గంగలో వేసింది తిరిగి రాదమ్మా అన్నారాయన. ఆవిడ నిట్టూర్చి మెట్టు మీద కూర్చున్నారు.

తర్వాత పంతులుగారు మా వైపు తిరిగి, ఏం వదులుతారో చెప్పండి అన్నారు. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలన్నీ మర్చిపోయాను. ఈయన కాకరకాయ అంటారు, నేను నలుగురిలో పోట్లాడతాను, పరువు గంగలో కలుస్తుంది, అంతే.

"తొక్కుడు లడ్డూ," అన్నారు ఈయన.

నేను సరిగ్గా విన్నానా అని వదినగారి వైపు చూశాను. ఆవిడ నోరు తెరుచుకుని ఉన్నారు. పంతులుగారు మాత్రం తల అడ్డంగా ఊపారు. మిఠాయిలు ఆచారంలో లేవట. కాయ గానీ పండు గానీ చెప్పాలట, బాగా ఇష్టమైనది.

"నాకు బాగా ఇష్టమైనవి రెండే ఉన్నాయండి," అన్నారు ఈయన. "ఒకటి లడ్డూ. రెండోది ఇదిగో, కొంగు ముడేసుకుని పక్కనే నిలబడింది. దీన్ని వదల్లేను. లడ్డూనే రాసుకోండి."

పంతులుగారు నవ్వేశారు. ఆచారం కోసం ఒక పండు కూడా చేర్చమంటే ఈయన పనసపండు అన్నారు. లడ్డూ, పనసపండూ రెండూ కలిసి గంగలోకి వెళ్ళిపోయాయి. నేను నడుం లోతు నీళ్ళలో నిలబడి పైటకొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. పైటకొంగు ఆయన కండువాకి ముడేసి ఉంది కాబట్టి ఆయన కూడా నా వైపు వంగిపోయారు.

మరి మీరేం వదులుతారమ్మా అని అడిగారు పంతులుగారు. నా సంగతి నేనసలు ఆలోచించుకోలేదు. ఆయన మొహం చూశాను. లడ్డూ పోగొట్టుకున్న మొహం, తడిసి, వణుకుతూ. జాలి ముంచుకొచ్చింది. పాపం ఈ మనిషికి నేనూ ఏదో ఒకటి ఇవ్వాలి అనిపించి, "కాకరకాయ" అనేశాను.

ఆయన మొహంలో వెలుగు చూడాలి అప్పుడు. గంగ మీద పొద్దు పొడిచినట్టే ఉంది. తోడు తినేదాన్ని నేనే మానేస్తే ఇంక ఇంట్లో కాకరకాయ దేనికి వండుతాను? తిరుగు ప్రయాణమంతా ఈయన పాత పాటలు కూనిరాగాలు తీశారు. నా హారన్‌కి తాళం వేశారు. వదినగారి కుక్కర్లో అన్నం అద్భుతంగా ఉడికిందని మెచ్చుకున్నారు. నేనూ మనస్ఫూర్తిగానే ఉన్నాను. నిర్మల్ దగ్గర గోదావరి వంతెన దాటుతుంటే మాత్రం, మన నీళ్ళ గాలి తగిలిందేమో, నా బుద్ధి నాకు తిరిగొచ్చింది.

"ఏవండీ, నేను కాకరకాయ తినడం వదిలాను," అన్నాను. "వండటం వదల్లేదు."

కూనిరాగం ఆగిపోయింది. వెనక సీట్లో వదినగారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

ఇప్పుడు రోజు విడిచి రోజు ఆయన ఒక్కరే కాకరకాయ తింటారు. తోడుకి నేను ఎదురుగా కూర్చుని నీళ్ళ గ్లాసు అందిస్తాను. ఈ మధ్య చుట్టాలు ఎవరో బందరు లడ్డూల డబ్బా తెస్తే, నేను వంటింట్లోంచి ఊపిరి బిగబట్టుకుని చూశాను. ఆయన మూత తీశారు, వాసన చూశారు, వాళ్ళక్కలాగే గట్టిగా పీల్చారు, మూత పెట్టి పొరుగువాళ్ళకి పంపించమన్నారు.

అయినా నా అనుమానం నాది. ఆయన మధ్యాహ్నం నిద్రపోతుండగా కారు తాళాలు తీసుకుని వెళ్ళి డిక్కీ తెరిచాను. అట్ట ఎత్తి స్టెప్నీ కింద చెయ్యి పెట్టి తడిమాను. సీట్ల సందుల్లో చూశాను, గేరు దగ్గర చూశాను. ఏమీ లేదు. ఒక్క చీమ కూడా లేదు. డిక్కీ మూసి, అక్కడే కారుకి ఆనుకుని, కాసేపు ఏడ్చి ఇంట్లోకి వెళ్ళాను.